కంది వేరు మీద ఎర్ర బుడిపె

"యూరియా వేయకపోతే చేనుకు నత్రజని ఎక్కడి నుంచి వస్తుంది సార్?" సేంద్రియ సాగు మాట ఎత్తితే చాలు, ముందు వచ్చే ప్రశ్న ఇదే. పెంట, వర్మీకంపోస్టు, జీవామృతం గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. నాకు కంది వేరు గురించి చెప్పాలని ఉంది.

పోయిన ఆగస్టులో దేవరకద్ర దగ్గర మా మేనత్త చల్క చేనుకు వెళ్లాను. జొన్న సాళ్ల మధ్య కంది వేసింది. ఒక మొక్క పీకి చూపించి, "వేర్లకు గడ్డలు కట్టినయ్ బిడ్డా, ఏం రోగమో" అంది. ఆ భయంలో అర్థం ఉంది. నులిపురుగు పట్టినా వేర్లకు బుడిపెలు వస్తాయి. కాకపోతే అప్పుడు వేరే ఉబ్బుతుంది, రుద్దినా ఊడదు. ఇవి వేరు పక్కన అంటుకుని ఉన్నాయి, గోటితో గీరితే ఊడి వచ్చాయి. ఒకటి చీల్చి చూపించాను. లోపల ఎర్రటి గులాబీ రంగు.

"రోగం కాదు అత్తమ్మా, నీ చేనుకు ఎరువు తయారయ్యేది ఇక్కడనే."

గాలిలో 78 శాతం నత్రజనే. కానీ దాని రెండు పరమాణువులు మూడు బంధాలతో ముడిపడి ఉంటాయి, ఆ ముడి విప్పనిదే మొక్కకు పనికిరాదు. ఆ ముడి విప్పడానికి ఎరువుల ఫ్యాక్టరీలో 400 డిగ్రీలకు పైగా వేడి, మామూలు గాలికి వంద రెట్లు దాటిన పీడనం కావాలి. బుడిపెలోని రైజోబియం బ్యాక్టీరియా అదే పని మట్టి చల్లదనంలో చేస్తుంది. దాని పనిముట్టు నైట్రోజినేజ్ అనే ఎంజైము. ఇనుము, మాలిబ్డినం అందులో ఉంటాయి. ఒక్క నత్రజని అణువును అమ్మోనియాగా మార్చడానికి కనీసం 16 ఏటీపీ అణువులు ఖర్చవుతాయి. కణం శక్తిని దాచుకుని ఖర్చు పెట్టే అణువే ఏటీపీ. అంత శక్తి పుట్టాలంటే బ్యాక్టీరియాకు ఆక్సిజన్ కావాలి. అదే ఆక్సిజన్ తగిలితే నైట్రోజినేజ్ పాడైపోతుంది!

గడ్డి కప్పు కింద కమ్మరి కొలిమిని తలుచుకోండి. గాలి లేకపోతే బొగ్గు రాజుకోదు. ఈదురుగాలి లోపలికి కొడితే నిప్పురవ్వ లేచి కప్పే అంటుకుంటుంది. అందుకే తిత్తి. కావలసినంత గాలి, కావలసిన చోటికే. బుడిపెలో తిత్తి పని చేసేది లెగ్‌హిమోగ్లోబిన్, మన నెత్తుటిలోని హిమోగ్లోబిన్‌కు చుట్టం. ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుని, విడిగా తిరగనీయకుండా, బ్యాక్టీరియాకు చేరవేస్తుంది. నేను చూపించిన ఎరుపు దానిదే. బొగ్గు ఏమిటంటారా? ఆకు వండి కిందికి పంపిన చక్కెర. తిత్తి ఆగిందో, బుడిపె ఆకుపచ్చగా, గోధుమ రంగుగా మారుతుంది. అంటే దాని పని అయిపోయింది. మొక్కకు యూరియా దండిగా దొరికితే చక్కెర ఖర్చు పెట్టి కొలిమి నడపాల్సిన పని ఉండదు, బుడిపెలు తగ్గించేస్తుంది.

బడిలో "లెగ్యూమ్ మొక్కల వేర్లలో రైజోబియం ఉండును" అని మా చేత బట్టీ పట్టించారు. లెగ్యూమ్ అంటే కంది లాంటి పప్పుజాతి మొక్క. బడి వెనకే కంది చేను ఉండేది. ఒక్క మొక్క పీకి చూపించినవాళ్లు లేరు. ఇప్పటికీ బాధేస్తుంది.

కంది చేసే పని ఇంకొకటి ఉంది. మన చల్క ఎర్రగా ఉండేది ఇనుము వల్ల. ఆ ఇనుమే భాస్వరాన్ని పట్టుకుని వదలదు. కంది వేరు పిసిడిక్ ఆమ్లం వదిలి ఇనుమును తను పట్టుకుంటుంది, భాస్వరం విడుదలవుతుంది. పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో జరిగిన ఈ పరిశోధన 1990లో అచ్చయింది.

అయితే బుడిపె సంపాదించిన నత్రజనిలో చాలా భాగం గింజలోకి వెళ్తుంది. క్వింటాలు పప్పులో ప్రొటీన్ సుమారు 22 కిలోలు, అందులో నత్రజని మూడున్నర కిలోలు. పప్పు లారీ ఎక్కితే అదీ ఎక్కినట్టే. రాలిన ఆకు, వేరు మాత్రం చేనులో మిగులుతాయి. ఊళ్లోనే తింటే ఇంకొంచెం మిగులుతుంది. అత్తమ్మ ఇంటికి కావలసిన పప్పు ఇసుర్రాయి మీద తనే విసురుకుంటుంది. పొట్టు బర్రె తింటుంది, పేడ పెంటకుప్పకు చేరుతుంది, ఎండాకాలంలో ఆ పెంట బండిమీద మళ్లీ అదే చల్కకు పోతుంది.