భార్యకో భర్తకో అమెరికా గ్రీన్‌కార్డు: స్పాన్సర్ ఆదాయం మీద అపోహలు - వాస్తవాలు

భార్య లేదా భర్త కోసం వేసిన పిటిషన్ అప్రూవ్ అయి, ఫైలు వీసా కాగితాలు తీసుకునే నేషనల్ వీసా సెంటర్‌కి చేరగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, "బ్యాంకులో ఎంత చూపించాలండీ?" స్టూడెంట్ వీసా రోజుల నుంచి పట్టుకున్న అలవాటిది. ఇమ్మిగ్రేషన్ లాయర్ ఆఫీసులో ఈ ఫైళ్లు సిద్ధం చేయడమే నా పని. వచ్చేవాళ్ల పోషణ బాధ్యత నాదేనని స్పాన్సర్ (పిటిషన్ వేసినవాళ్లు) సంతకం పెట్టి ఇచ్చే ఐ-864 ఫారం, అంటే అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్ గురించి తెలియక ఎన్ని కుటుంబాలు అనవసరంగా టెన్షన్ పడుతున్నాయో చూస్తున్నాను కాబట్టి రాస్తున్నా.

అపోహ: బ్యాంకు బ్యాలెన్స్ గట్టిగా ఉంటే చాలు.

ముందు చూసేది స్పాన్సర్ ఏటా సంపాదించే ఆదాయం. కుటుంబంలో ఎంతమంది ఉన్నారో దాన్నిబట్టి, అమెరికా ప్రభుత్వం ఏటా ప్రకటించే పేదరిక ప్రమాణానికి 125 శాతం ఉండాలి. 2025 లెక్కల్లో ఇద్దరికి 26,437 డాలర్లు (అలాస్కా, హవాయిలకు ఇంకా ఎక్కువ). సైన్యంలో పనిచేస్తూ భార్యను స్పాన్సర్ చేసేవాళ్లకు 100 శాతం చాలు. ఏటా అంకెలు మారతాయి, సంతకం పెట్టేముందు కొత్త పట్టిక చూసుకోండి.

ఆదాయం తక్కువైతే ఆస్తులు చూపొచ్చు, కానీ లోటుకి ఎన్నో రెట్లు ఉండాలి. సంపాదన 20,000 అనుకోండి, లోటు 6,437. స్పాన్సర్ సిటిజన్ అయితే భార్య కేసులో మూడు రెట్లు, అంటే 19,311 డాలర్ల ఆస్తి కావాలి. గ్రీన్‌కార్డు హోల్డర్ అయితే అయిదు రెట్లు, 32,185. ఏడాదిలోగా డబ్బుగా మారే ఆస్తినే లెక్కలోకి తీసుకుంటారు. మియాపూర్‌లో ఫ్లాట్ ఉందంటే సరిపోదు. విలువ ఎంత, దానిమీద లోన్ ఎంత మిగిలింది, అమ్మితే ఆ డబ్బు అమెరికాకి తేగలరా అన్నవన్నీ కాగితాల్లో కనిపించాలి. అన్నదమ్ముల మధ్య పంపకం కాని పొలాన్ని పెట్టుకుని కుస్తీ పడొద్దని నా సలహా.

అపోహ: మేమిద్దరమే కదా, ఇద్దరి లెక్కే.

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. డాలస్‌లో ఉన్న ఒక సిటిజన్ అబ్బాయి నాలుగేళ్ల కిందట అమ్మానాన్నలకు గ్రీన్‌కార్డు తీశాడు, ఇప్పుడు భార్యకి వేస్తున్నాడనుకుందాం. వాళ్లు ఆరు నెలలు గుంటూరులో, ఆరు నెలలు కొడుకు దగ్గర. వాళ్లకోసం అతను పెట్టిన ఐ-864 ఇంకా అమల్లోనే ఉంది, కాబట్టి వాళ్లూ లెక్కలోకి వస్తారు. ఇద్దరు నలుగురయ్యారు, 26,437 కాస్తా 40,187 అయింది. "వాళ్లు ఇండియాలోనే ఉంటున్నారుగా" అంటే కుదరదు. ఊరికే అమెరికా వదిలితే చాలదు, గ్రీన్‌కార్డు కూడా వదులుకోవాలి (బాధ్యత తీరే మిగతా దారులు చివర్లో చెబుతాను).

అపోహ: తక్కువైతే బావగారు సంతకం పెడతారు, నేను ఫారం ఇవ్వక్కర్లేదు.

జాయింట్ స్పాన్సర్ (ఆదాయం చాలనప్పుడు తోడుగా ఇదే హామీ ఇచ్చే మరో మనిషి) ఉన్నా పిటిషన్ వేసినవాళ్లు తమ ఐ-864 ఇచ్చి తీరాలి, ఆదాయం సున్నా అయినా సరే. బావగారు సిటిజనో గ్రీన్‌కార్డు హోల్డరో అయి, అమెరికాలో స్థిరంగా ఉండాలి. హెచ్1బీ వర్క్ వీసా మీద రెండు లక్షల డాలర్లు సంపాదిస్తున్నా ఆయన పనికిరారు. చుట్టరికం ఉండాలన్న నియమం మాత్రం లేదు, స్నేహితుడైనా ఫరవాలేదు. మీ జీతం కొంత, ఆయన జీతం కొంత కలిపి చూపడం కుదరదు. తన కుటుంబంతో పాటు వచ్చే మనిషిని కూడా కలుపుకుని, ఆ పరిమితిని ఆయన విడిగా చేరుకోవాలి.

అపోహ: సొంత వ్యాపారం, అమ్మకాలు లక్షల్లో. ఇబ్బందే లేదు.

గ్యాస్ స్టేషన్ నడిపేవాళ్లకు, కన్సల్టింగ్ చేసేవాళ్లకు ఈ మాట గట్టిగా చెబుతాను. చూసేది ఖర్చులు పోను టాక్స్ రిటర్న్‌లో తేలిన ఆదాయాన్నే. పన్ను తగ్గాలని ఖర్చులన్నీ రాసేసి ఆదాయాన్ని కిందికి దించితే, ఇక్కడ ఆ అంకే ఎదురొస్తుంది. చదువు ముగించి కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ల సంగతి నయం. పాత రిటర్న్‌లో తక్కువున్నా ఇప్పటి జీతమే ముఖ్యం. పే స్టబ్‌లు, కంపెనీ ఇచ్చే లెటర్ జతచేయండి.

అపోహ: హెచ్1బీ వాళ్లకూ ఇదే రూల్.

కాదు. హెచ్4 (హెచ్1బీ వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే డిపెండెంట్ వీసా) మీద భార్యను తెచ్చుకోవడానికి ఐ-864 అవసరం లేదు. ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డు వచ్చేటప్పుడు వెంట వచ్చే భార్యకూ సాధారణంగా అక్కర్లేదు.

అపోహ: విడాకులైతే ఈ బాధ్యత పోతుంది.

పోదు. ఐ-864 ప్రభుత్వంతో చేసుకునే చట్టబద్ధమైన ఒప్పందం. స్పాన్సర్ చేసిన మనిషి సిటిజన్ కావాలి, లేదా సోషల్ సెక్యూరిటీ లెక్కలో 40 క్వార్టర్ల పని (సుమారు పదేళ్లు) పూర్తికావాలి, లేదా దేశం వదిలి గ్రీన్‌కార్డు హోదా కోల్పోవాలి, లేదా మరణం. ఇలాంటి కొన్ని సందర్భాల్లోనే అది ముగుస్తుంది. అప్పటిదాకా విడిపోయిన భార్య గానీ భర్త గానీ పోషణ కోసం కోర్టుకెళ్లొచ్చు. ప్రభుత్వ సహాయం తీసుకుంటే, కొన్ని పథకాల ఖర్చును స్పాన్సర్ నుంచి వసూలు చేసే వీలుంది. ఈ భారం జాయింట్ స్పాన్సర్‌కీ అంతే. అందుకే పెళ్లింట్లో మొహమాటానికి "సరే" అన్న బావగారికి ఈ పేరా చదివి వినిపించమంటాను. మనసు మారితే వీసా ఇచ్చేలోపే, అమెరికాలోనే ఉండి అప్లై చేసిన కేసైతే గ్రీన్‌కార్డు మంజూరయ్యేలోపే రాతపూర్వకంగా వెనక్కి తీసుకోవాలి. తర్వాత కుదరదు.