ఏజెంటు చేతిలో పెట్టిన డబ్బు బాకీకి చెల్లుతుందా?

కొట్టుకు వచ్చి సరుకు ఆర్డరు రాసుకునేది కంపెనీ సేల్స్‌మనే, నెలాఖరున డబ్బు పట్టుకెళ్లేదీ ఆయనే. ఆయన ఉద్యోగం మానేశాక కంపెనీ నుంచి నోటీసు వస్తుంది, పాత బాకీ కట్టమని. కట్టిన డబ్బు మళ్లీ కట్టాలా? కొన్నవాళ్లు సాధారణంగా చెప్పే జవాబు, "ఆయన మీ మనిషే కదా" అని. అది సరిపోదు. డబ్బు తీసుకునే అధికారం అమ్మినవాడు ఆయనకు ఇచ్చాడా, లేకపోతే ఇచ్చినట్టు మనల్ని నమ్మించాడా? కోర్టులు మొదటినుంచీ చూస్తున్నది ఇదే.

ఈ తేడాకు మూలం ఇంగ్లండ్ వర్తకంలో ఉంది. అక్కడ ఫ్యాక్టర్ అనే మధ్యవర్తి యజమాని సరుకును తన దగ్గర పెట్టుకుని, సొంత పేరుతో అమ్మేవాడు. ధర వసూలు చేయడం కూడా అతని పనే. బ్రోకర్ చేతికి సరుకు రాదు, బేరం కుదర్చడం వరకే అతని పని. 1818లో బేరింగ్ వర్సెస్ కోరీ కేసులో బ్రోకర్లు సొంత పేరుతో సరుకు అమ్మేశారు. వాళ్లు తమకు బాకీ ఉన్నారు కాబట్టి ఆ మేరకు ధరలో తగ్గించుకుంటామని కొన్నవారు అడిగారు. కోర్టు ఒప్పుకోలేదు. సరుకు బ్రోకర్ల స్వాధీనంలో లేదు. పైగా వాళ్లు బ్రోకర్లుగానూ వ్యాపారం చేస్తారని తెలిసి కూడా కొన్నవారు ఆరా తీయలేదు.

మన దగ్గరా ఈ రెండు రకాలూ ఉన్నాయి. గుంటూరు మిర్చి యార్డులో రైతు బస్తాలు కమీషన్ వ్యాపారి దగ్గర దిగుతాయి. అమ్మకం, డబ్బు వసూలు ఆయన ద్వారానే నడుస్తాయి కాబట్టి ఆయన ఫ్యాక్టర్‌కు దగ్గర. పొలం బేరం కుదిర్చే మధ్యవర్తి బ్రోకర్ లాంటివాడు. యజమాని విడిగా అధికారం ఇవ్వకుండా అడ్వాన్సు ఆయన చేతిలో పెడితే యజమానికి ఇచ్చినట్టు కాదు.

1872 భారత కాంట్రాక్టు చట్టం ఈ సూత్రాలను సెక్షన్లుగా రాసింది. సెక్షన్ 188 కింద ఇచ్చిన ఉదాహరణ చూడండి: లండన్‌లో ఉండే వ్యక్తి బొంబాయిలో తనకు రావలసిన బాకీ వసూలుకు ఒకరిని పెట్టుకుంటే, ఆ మనిషి బాకీకి చెల్లు రాసివ్వగలడు. వసూలుకే పెట్టిన మనిషి కాబట్టి అక్కడ చిక్కు లేదు. అసలు చిక్కంతా అమ్మకానికి మాత్రమే పెట్టినవాడితో. దానికి సెక్షన్ 237 ఉంది: ఏజెంటుకు అధికారం ఉందని యజమాని తన మాటల వల్లగానీ నడవడి వల్లగానీ నమ్మిస్తే, ఆ పనికి యజమాని కట్టుబడాలి.

ఆ నడవడి ఏ మేరకు ఉండాలో 1911లో అప్పటి బ్రిటన్ అత్యున్నత కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ ముందుకొచ్చిన స్పాంజీల కేసులో తేలింది. కంపెనీ ప్రతినిధి చెక్కులు తన పేరున రాయించుకుని వాడేసుకున్నాడు. కానీ కంపెనీ సరుకునే అతని చేతికిచ్చి అమ్మనిచ్చింది. అందుకని కొన్నవారు మళ్లీ కట్టక్కర్లేదని తీర్పు వచ్చింది. ఇంగ్లండ్‌లోనే 1924 నాటి బట్విక్ వర్సెస్ గ్రాంట్ తీర్పు మాత్రం అమ్మే అధికారంలో వసూలు అధికారం దానంతటదే కలిసి ఉండదని చెప్పింది.

మన సుప్రీంకోర్టు 1997లో హర్షద్ జె. షా కేసులో ఇదే గీత గీసింది. పాలసీదారు ప్రీమియానికి బేరర్ చెక్కు (ఎవరు తెచ్చినా బ్యాంకు డబ్బిచ్చేది) ఏజెంటుకిచ్చాడు. ఏజెంటు దాన్ని మార్చుకుని, పాలసీదారు ప్రమాదంలో చనిపోయిన మర్నాడు డబ్బు ఎల్‌ఐసీలో కట్టాడు. ప్రీమియం వసూలు చేసే అధికారం ఏజెంట్లకు లేదని నిబంధనల్లోనే ఉంది, ఉందని ఎల్‌ఐసీ నమ్మించనూ లేదు. క్లెయిము పోయింది. కానీ 1999లో బసంతీ దేవి కేసులో జీతంలో ప్రీమియం కోసుకున్న యజమాని సంస్థ దాన్ని సకాలంలో జమచేయకపోతే, ఆ సంస్థను ఎల్‌ఐసీ ఏజెంటుగానే చూసి ఎల్‌ఐసీదే బాధ్యత అన్నారు. జీతంలోంచి ప్రీమియం కోసే ఆ పథకం నడిచిన తీరే ఉద్యోగిని అలా నమ్మించింది. ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకటే చదివితే దారి తప్పుతాం.

ఆచరణలో ముందు బిల్లు చూడండి. దాని మీద కంపెనీ ఖాతా ఉంటే డబ్బు ఆ ఖాతాకే వెళ్లాలి. క్యూఆర్ స్కాన్ చేసినప్పుడు సేల్స్‌మన్ సొంత పేరు కనిపిస్తే ఆగండి. చెక్కయితే కంపెనీ పేరున, అకౌంట్ పేయీ క్రాసింగుతో (డబ్బు ఆ పేరున్న ఖాతాలోకే వెళ్లేలా గీసే గీతలు) రాయండి. సేల్స్‌మన్ మీకు వ్యక్తిగతంగా బాకీ ఉంటే దాన్ని కంపెనీ లెక్కలో కొట్టేసుకోవద్దు, అది చెల్లింపు కాదు. ప్రామిసరీ నోటు రాసిచ్చి ఉంటే మరింత జాగ్రత్త కావాలి: నోట్లు, చెక్కులకు వర్తించే 1881 నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 78 ప్రకారం నోటు హక్కుదారుకు కడితేనే రాసినవాడి బాధ్యత తీరుతుంది. నోటు చూపించని మనిషికి కట్టకండి, కట్టినప్పుడు నోటు మీదే చెల్లు వేయించుకోండి.

ఏజెంటును తీసేసిన సంగతి మీకు తెలియకముందు కట్టిందైతే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 208 కాపాడుతుంది, ఆయనకు వసూలు అధికారం అంతకుముందు ఉండి ఉంటేనే. తెలిశాక కట్టింది మీ నష్టమే.

నోటీసు ఇప్పటికే వచ్చేసిందా? కట్టానని రుజువు చేయాల్సింది కట్టినవాడే. అదే మనిషి చేతికి ఇంతకుముందు ఇచ్చిన మొత్తాలు కంపెనీ మీ ఖాతాలో జమ వేసుకున్న తేదీలు, కంపెనీ రసీదు పుస్తకంలోంచి ఇచ్చిన రసీదులు, ఆయన వసూలుకు వస్తాడని కంపెనీ పంపిన మెసేజీలు బయటికి తీయండి. వాటి నకళ్లు జతచేసి రాతపూర్వకంగా జవాబివ్వండి.