పిల్లల చర్మం: ఓపీలో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

మా దగ్గరికి వచ్చే తల్లుల్లో చాలామంది బ్యాగులో సగం వాడేసిన ట్యూబ్ ఒకటి ఉంటుంది. "ఇది రాస్తే తగ్గుతోంది డాక్టర్ గారూ, మానేస్తే మళ్లీ వస్తోంది." అందుకే ముందు ఆ ట్యూబ్ సంగతే.

అపోహ: తామరకి మెడికల్ షాపు క్రీమ్ చాలు, రెండు రోజుల్లో పోతుంది

పోయినట్టు కనిపిస్తుందంతే. తామర ఫంగస్ వల్ల వచ్చేది. ట్యూబ్ మీద చిన్న అక్షరాల్లో క్లోబెటాసాల్, బీటామెథాసోన్ లాంటి పేరుంటే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టు. అది ఎరుపునీ దురదనీ అణిచేస్తుంది, ఫంగస్ మాత్రం లోపల హాయిగా పాకుతూనే ఉంటుంది. గుండ్రంగా, ఎర్రటి అంచుతో ఉండాల్సిన మచ్చ ఆకారమే మారిపోయి, ఒక్కోసారి చూసి పోల్చుకోవడం మాకే కష్టమవుతుంది. అప్పుడు అంచు దగ్గర పొట్టు కొంచెం గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోప్ కింద పెడితే ఫంగస్ పోగులు బయటపడతాయి. 2018లోనే కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు చాలావాటిని డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితా, షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. కౌంటర్ దగ్గర ఏం జరుగుతోందో మీకు నేను చెప్పక్కర్లేదు.

తామరకి కావాల్సింది ఫంగస్ మందు మాత్రమే ఉన్న క్రీమ్. మచ్చ అంచు దాటి కాస్త బయటి వరకు రాయాలి, కనబడకుండా పోయాక కూడా డాక్టర్ చెప్పినన్ని రోజులు ఆపకూడదు. అదే తలలో వస్తే క్రీముతో పని జరగదు, నోటి మందు వాడాల్సిందే. పొట్టు రేగి, జుట్టు తెగి ఊడుతుంటే పేనుకొరుకుడు అనుకుని ఉల్లిపాయ రుద్దుతూ నెలలు గడిపేస్తారు. (అన్నట్టు, అసలు పేనుకొరుకుడుకీ పేలకీ సంబంధమే లేదు.)

అపోహ: స్టెరాయిడ్ అంటే విషం, పిల్లలకి ముట్టించకూడదు

పైది చదివి ఇలా అనుకుంటారనే భయం నాకు. ఎగ్జిమాలో, అంటే పసివాళ్లకి బుగ్గల మీద, కాస్త పెద్దయ్యాక మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఎర్రగా గరుకుగా వచ్చి రాత్రంతా గోకించేదాంట్లో, వయసుకీ చోటుకీ తగిన తేలికపాటి స్టెరాయిడే సరైన మందు. ఎంత రాయాలంటే, ట్యూబ్‌ని పెద్దవాళ్ల చూపుడువేలి చివరి కణుపు పొడవునా పిండితే దాదాపు అర గ్రాము వస్తుంది, అది వేళ్లతో కలిపి పెద్దవాళ్ల రెండు అరచేతులంత చోటుకి సరిపోతుంది. భయపడి చుక్క చుక్క రాస్తే తగ్గదు, తగ్గకపోతే ఇంకా ఘాటు మందు వెతుక్కుంటారు. దీంతోపాటు స్నానం చేయించి తుడిచిన వెంటనే, ఒంటి తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ దండిగా పట్టించాలి. వంకాయ, గుడ్డు, చేప అన్నీ మాన్పించేసి పిల్లాణ్ణి చారన్నం మీద పెట్టకండి. తిన్న కాసేపటికే దద్దుర్లు, పెదాల వాపు, వాంతులు వస్తేనే ఆ పదార్థాన్ని అనుమానించాలి.

అపోహ: బుగ్గ మీద తెల్ల మచ్చలంటే కడుపులో నులిపురుగులు, లేదా కాల్షియం లోపం

రెండూ కాదు. చర్మం పొడిబారి, అక్కడ రంగు కాస్త పలచబడుతుంది. ఎండలో ఆడి చుట్టూ చర్మం నల్లబడితే ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర వేయించండి, మంచిదే, కానీ మచ్చ కోసం కాదు. బొల్లి అయితే పాలలా తెల్లగా, అంచు గీత గీసినట్టు ఉంటుంది. అనుమానంగా ఉంటే ఉడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత కాంతి దీపం కింద చూస్తే తేడా తెలిసిపోతుంది. మామూలు మచ్చలకి మాయిశ్చరైజర్, కొన్ని నెలల ఓపిక చాలు.

అపోహ: గజ్జి శుభ్రంగా లేనివాళ్లకే వస్తుంది

ఈ మాట అంటే చాలు, ఇంట్లో అందరికీ కోపం. "మేం రోజుకి రెండుపూటలా స్నానం చేయిస్తామండీ!" చేయించండి, గజ్జి పురుగుకి దాంతో పనిలేదు. ఒంటికి ఒళ్లు తగిలి పడుకుంటే చాలు, ఎక్కేస్తుంది. వేళ్ల సందుల్లో లెన్స్‌తో చూస్తే సన్నటి గీత, దాని కొసన చిన్న నల్ల చుక్క కనిపిస్తాయి. ఆ చుక్కే పురుగు. పసిపిల్లలకి అరచేతులు, అరికాళ్లలో కూడా వస్తుంది.

మందు పిల్లాడికి రాస్తారు, పక్కన పడుకునే నాయనమ్మ మాత్రం "నాకేం దురద లేదు కదా" అంటారు. మొదటిసారి అంటుకుంటే దురద మొదలవడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు అమ్మా, మీకు ఈపాటికి ఎక్కే ఉంటుంది! అందుకే ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి పెర్మెత్రిన్ 5 శాతం క్రీము మెడ నుంచి కాలి గోళ్ల దాకా (పసిపిల్లలకైతే కళ్లూ నోరూ వదిలి తలకీ ముఖానికీ కూడా) రాసుకుని, పొద్దున స్నానం చేయాలి. వారం తర్వాత ఇంకోసారి. రెండు నెలల లోపు బిడ్డ ఉంటే మాత్రం డాక్టర్ని అడగకుండా రాయొద్దు. బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకండి, ఉతకలేనివి కవర్లో మూటకట్టి వారం పక్కన పడేయండి. పురుగు చచ్చాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉంటుంది, టెన్షన్ పడి రోజూ క్రీము పూసేయకండి.

అపోహ: మామిడిపళ్లు తింటే వేడిచేసి సెగగడ్డలు వస్తాయి

సెగగడ్డ బ్యాక్టీరియా పని. చెమటా ఉక్కపోతా మామిడి సీజన్లోనే రావడంతో నింద పండు మీద పడింది. సొన తగిలి మూతి చుట్టూ పొక్కడం మాత్రం నిజమే, కాయ కడిగి, తొక్క తీసి ఇవ్వండి.

ముక్కు కింద, మూతి చుట్టూ తేనె రంగు పక్కు కట్టే పొక్కులని "అవే ఎండిపోతాయిలే" అని వదిలేయొద్దు. కొన్నిసార్లు అవి వచ్చిన కొన్ని వారాలకి కిడ్నీల మీద ప్రభావం కనిపిస్తుంది. పొద్దున లేవగానే ముఖం ఉబ్బినా, మూత్రం ఎర్రగా గానీ కోలా రంగులో గానీ వచ్చినా, ఆ రోజే పిల్లల డాక్టర్‌కి చూపించండి.