"లింకులు సగం పోయాయండీ!": బ్యాక్‌లింక్ రిపోర్టుల మీద అపోహలు - వాస్తవాలు

నెలకు ఒకరైనా ఇదే మాటతో ఫోన్ చేస్తారు. ఈమధ్య ఆన్‌లైన్‌లో పచ్చళ్లు అమ్ముకునే ఒకాయన రాత్రి పదిన్నరకు చేశారు. సైటు గూగుల్‌లో ఎలా ఉందో చూపించే గూగుల్ టూల్ సెర్చ్ కన్సోల్‌లో 4,200 ఉండే బయటి లింకులు (వేరే సైట్ల నుంచి ఈయన సైటుకు వచ్చే బ్యాక్‌లింకులు) 1,900 అయ్యాయట. ఎవరో చేతబడి చేసినంత టెన్షన్! "ఆర్డర్లు తగ్గాయా?" అంటే, "అది చూడలేదండీ" అన్నారు. చూస్తే క్లిక్కులు ఎప్పటిలాగే ఉన్నాయి.

అపోహ: రిపోర్టులో అంకె పడితే ర్యాంకింగ్ పడినట్టే.

వాస్తవం: ఆ రిపోర్టు మీ లింకుల పూర్తి పద్దు కాదు. గూగుల్‌కు తెలిసిన ప్రతి లింకూ అందులో కనిపించదు. మొత్తం అంకె ఎంతున్నా, పట్టికలో 1,000 వరుసలు దాటి చూపించదు. నోఫాలో లింకులు (లెక్కలోకి తీసుకోవద్దని సెర్చ్ ఇంజన్లకు గుర్తు పెట్టినవి) కూడా అందులోనే కలిసి ఉంటాయి. పచ్చళ్లాయన విషయంలో జరిగింది ఇంతే: ఒక వంటల బ్లాగు సైడ్‌బార్‌లో ఈయన లింకు ఉండేది, అంటే ఆ బ్లాగులో ఎన్ని పేజీలుంటే అన్ని లింకులు. వాళ్లు డిజైన్ మార్చారు, సైడ్‌బార్ తీసేశారు. రెండు వేల పైచిలుకు పోయినట్టు కనిపించినా, లింకు ఇచ్చే సైట్ల జాబితాలో తగ్గింది ఒక్కటే.

అపోహ: లింకులు పరీక్షించే టూల్‌లో ఏదైనా లింకు ఎర్రగా 'టాక్సిక్' (హానికరం) అని వస్తే వెంటనే డిసావో చేయాలి, అంటే దాన్ని లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు చెప్పాలి.

జనం ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. నాకు ఫోన్ చేసేసరికే పచ్చళ్లాయన ఎవరికో డబ్బులిచ్చి ఆరువందల వరుసల డిసావో ఫైలు ఎక్కించేశారు. తెరిచి చూద్దును కదా, మధ్యలో 'domain:' అని (అంటే సైటు మొత్తానికీ వర్తించేలా) పెట్టి, వాళ్ల ఊరి పచ్చళ్ల మీద కథనం రాసిన పత్రిక సైటు! ఉన్నవాటిలో మంచి లింకు అదే.

ఆ టాక్సిక్ స్కోరు టూల్ కంపెనీ సొంత లెక్క, గూగుల్ ఇచ్చేది కాదు. 2012లో చెత్త లింకుల మీద గూగుల్ తెచ్చిన పెంగ్విన్ అప్‌డేట్ దెబ్బకు చాలా సైట్లు పడిపోయిన మాట నిజమే, అదే ఏడాది డిసావో టూల్ వచ్చింది. ఆ భయం ఇంకా వదల్లేదు. 2016 నుంచి పెంగ్విన్ చెత్త లింకులను లెక్కలోకి తీసుకోకుండా వదిలేస్తోంది. మాన్యువల్ యాక్షన్ (గూగుల్ సిబ్బంది స్వయంగా చూసి వేసే శిక్ష) వస్తేనో, మీరే లింకులు కొని ఉంటేనో డిసావో జోలికి వెళ్లండి. మంచి లింకును పొరపాటున ఎక్కించేస్తే, ఆ వరుస తీసేసి ఫైలు మళ్లీ ఎక్కించండి. కొత్తది పాతదాని స్థానంలోకి వస్తుంది. ఫలితానికి మాత్రం కొన్ని వారాలు ఆగాలి.

మిగతావి గబగబా. ఒక్కో టూల్‌లో ఒక్కో అంకె రావడం తప్పు కాదు, ఎవరి క్రాలర్ (వెబ్ పేజీలు తిరిగి లింకులు ఏరే ప్రోగ్రామ్) వాళ్లది. డొమైన్ అథారిటీ (సైటు బలాన్ని అంచనా వేసే స్కోరు) మోజ్ అనే టూల్ కంపెనీ అంకె, గూగుల్ దాన్ని వాడదు.

పచ్చళ్లాయన నిన్న మళ్లీ చేశారు. అంకె 2,050 అయిందట. "ఏం చేశారండీ?" అని సంబరంగా అడిగారు. నేనేమీ చేయలేదు.