నర్సింగ్‌లోకి వస్తున్నారా? ఈ అపోహలు ముందు వదిలించుకోండి

ఇంటర్ బైపీసీ అయ్యాక నర్సింగ్ తీసుకోవాలా వద్దా అని అడిగే పిల్లలు, డ్యూటీలో చేరిన కొన్నాళ్లకే మానేద్దామా అని అడిగే ఫ్రెషర్లు, ఇద్దరి నోటా ఒకే రకం మాటలు వింటున్నాను. హైదరాబాద్‌లో ఐసీయూ నర్సుగా నాకు తెలిసింది సూటిగా చెప్తాను.

అపోహ: డాక్టర్ రాసింది చేయడమే నర్సు పని.

వాస్తవం: రౌండ్స్‌లో డాక్టర్ ఒక్కో బెడ్ దగ్గర ఉండేది కొద్ది నిమిషాలే, మిగతా రోజంతా పేషెంట్‌ని కనిపెట్టుకుని ఉండేది మనమే. బీపీ 110/70 ఉంది, బాగానే ఉందనిపిస్తుంది, కానీ నిమిషానికి 16 సార్లు తీసుకునే శ్వాస 26కి చేరింది, "అమ్మ ఏదో తేడాగా మాట్లాడుతోంది సిస్టర్" అని కూతురు అంటోంది. ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకుతున్నప్పుడు చాలాసార్లు బీపీ పడిపోకముందే ఇవి కనిపిస్తాయి. అందుకే శ్వాసను గడియారం చూసి నిమిషం పాటు లెక్కపెట్టాలి, అందాజుగా 20 అని రాసేయకూడదు. డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసినప్పుడు కూడా "పేషెంట్ బాలేదు" అంటే సరిపోదు, అంకెలు చెప్పి, "మీరొచ్చి చూడాలి" అని అడగాలి.

ఇన్సులిన్ సంగతి చూడండి. మన దగ్గర మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉండే వయల్ ఉంది, 100 యూనిట్లు ఉండేదీ ఉంది. 40 దానికి ఎర్ర మూత సిరంజి, 100 దానికి నారింజ మూతది. 100 వయల్ మందును ఎర్ర మూత సిరంజిలో 10 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 25 యూనిట్లు! ఆర్డర్ సరిగ్గానే ఉంటుంది, షుగర్ పడిపోయేది మాత్రం మన చేతి మీదుగా. ఇది కేవలం చెప్పింది చేసే పని ఎలా అవుతుంది?

అపోహ: జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేస్తే అక్కడితో ఆగిపోతాం.

వాస్తవం: ఆగం. రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఉంది, ఆ తర్వాత ఎమ్మెస్సీ చేయొచ్చు. ఎయిమ్స్ నర్సు ఉద్యోగాలకు నార్సెట్ అనే పరీక్ష రాయొచ్చు.

అపోహ: ఎక్కువ జీతం ఇచ్చే ఆసుపత్రే మంచిది.

వాస్తవం: జీతం ముఖ్యమే, సిగ్గుపడకుండా అడగండి. సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశంతో ఏర్పడిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సుకు నెలకు 20 వేలకు తగ్గకూడదని సిఫార్సు చేసింది. కానీ మొదటి ఉద్యోగానికి ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడగాలి: కొత్తవాళ్ల పక్కన సీనియర్‌ని ఎన్ని వారాలు ఉంచుతారు, నైట్‌లో ఒక్కరికి ఎంతమంది పేషెంట్లు? వెంటిలేటర్ మీద ఉన్న ఒక్కొక్కరికి ఒక నర్సు ఉండాలి. ఫ్రెషర్‌కి మొదటి వారంలోనే అలాంటి ముగ్గుర్ని అప్పగించే చోట నేర్చుకునేది ఏమీ ఉండదు, టెన్షన్ తప్ప. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే పెట్టుకుంటామంటే ఒప్పుకోవద్దు.

అపోహ: ఏజెంట్ ఉంటే చాలు, విదేశాలకు వెళ్లిపోవచ్చు.

వాస్తవం: అమెరికాకైతే అక్కడి నర్సింగ్ లైసెన్స్ పరీక్ష ఎన్‌క్లెక్స్ పాసవ్వాలి, జర్మనీకైతే జర్మన్ భాష రావాలి, ఇవి మన బదులు ఏ ఏజెంటూ రాయలేడు. వార్డులో పనిచేసిన అనుభవం కూడా చాలాచోట్ల అడుగుతారు. విదేశీ ఉద్యోగాల కోసం తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది, లక్షలు చేతిలో పెట్టకముందు అక్కడ కనుక్కోండి.