గాజువాక బస్సు ఎక్కినాయన సింహాచలం బస్సులో ఎందుకున్నాడు? క్లాసులు, ఆబ్జెక్టులపై అపోహలు - వాస్తవాలు

విశాఖ ద్వారకానగర్‌లో సాయంత్రం బ్యాచ్‌కి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష చెబుతాను. క్లాసులు (నమూనాలు), ఆబ్జెక్టులు (ఆ నమూనాతో తయారయ్యేవి) మొదలుపెట్టిన వారంలోపే ఎవరో ఒకరు ఇదే బాధతో వస్తారు. మొన్న ఒకమ్మాయి, తెల్లారితే ల్యాబ్ ఎగ్జామ్, ల్యాప్‌టాప్ పట్టుకుని ఏడుపు మొహంతో నిలబడింది. "సార్, నా ప్రోగ్రాంలో గాజువాక బస్సు ఎక్కించిన మనిషి సింహాచలం బస్సులో కూడా కనిపిస్తున్నాడు." సీనియర్లెవరో పైథాన్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయమన్నారట. రెండుసార్లు చేసింది. తెలియకుండా ఇలాంటి సలహాలిచ్చేవాళ్ల మీద నాకు నిజంగా కోపం వస్తుంది.

అపోహ: క్లాస్ లోపల ఎక్కడ రాసినా ఆ వేరియబుల్ (విలువ దాచుకునే పేరు) ప్రతి ఆబ్జెక్టుకీ విడిగా వస్తుంది.

వాస్తవం: జావా అనే ఇంకో భాషలో స్టాటిక్ (అంటే అన్నిటికీ ఒక్కటే) అని పెట్టకపోతే విడిగానే వస్తుంది. పైథాన్‌లో రాదు. ఆ అమ్మాయి బస్ క్లాస్ పేరు కిందే ప్యాసింజర్స్ అని ఖాళీ లిస్టు పెట్టింది. అది క్లాసుది, ఒక్కటే. ఎన్ని బస్సులు తయారుచేసినా అన్నీ ఆ లిస్టునే చూస్తాయి. ఆ లైన్‌ని ఇనిట్ అనే ఫంక్షన్ లోపలికి మార్పించి, ముందు సెల్ఫ్ (అంటే ఆ ఆబ్జెక్టే) డాట్ పెట్టించాను. ఆబ్జెక్టు పుట్టినప్పుడల్లా ఇనిట్ నడుస్తుంది కాబట్టి ఏ బస్సు లిస్టు ఆ బస్సుకే ఉంటుంది. అదే ఇన్‌స్టెన్స్ వేరియబుల్.

"మరి టికెట్ల లెక్క కూడా పైనే పెట్టాను, అది సరిగ్గానే వస్తోంది కదా సార్?"

అసలు మోసం ఇక్కడే ఉంది. సెల్ఫ్ డాట్ టికెట్స్‌కి ఒకటి కలపమంటే పైథాన్ క్లాసులో ఉన్న సున్నాని చదివి, ఒకటి కలిపి, వచ్చినదాన్ని ఆ ఆబ్జెక్టులో కొత్తగా రాస్తుంది. మనకు తెలియకుండానే ఇన్‌స్టెన్స్ వేరియబుల్ తయారైపోతుంది. లిస్టులోకి పేరు చేర్చే అపెండ్ అలా కాదు, ఉన్న లిస్టునే మారుస్తుంది. అందుకే అంకెలతో ప్రాక్టీస్ చేసినన్నాళ్లూ తప్పు బయటపడదు.

నా మొదటి ఉద్యోగంలో ఒక కస్టమర్ బిల్లులోకి ఇంకొకరి సరుకులు వచ్చి చేరాయి. డేటాబేస్‌ని అనుమానిస్తూ రెండు రాత్రులు కూర్చున్నాను. చివరికి రెండు లిస్టుల ఐడీలు (ఏ ఆబ్జెక్టో చెప్పే గుర్తింపు నంబర్లు) ప్రింట్ చేస్తే ఒకటే నంబరు, అంటే ఉన్నది ఒకే లిస్టు! అప్పటినుంచి ఎవరు వచ్చినా ముందు ఐడీ ప్రింట్ చేయిస్తాను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. సెల్ఫ్ కీవర్డ్ (భాష తనకోసం కేటాయించుకున్న పదం) కాదు, అందరూ పాటించే ఆనవాయితీ. ఒక ఆబ్జెక్టుని ఇంకో పేరుకి అసైన్ చేస్తే కాపీ అవదు, రెండు పేర్లూ ఒక్కదానికే. ఆబ్జెక్టులు జావాతో పుట్టలేదు, నార్వేలో తయారైన సిమ్యులా 67 అనే భాషలోనే ఉన్నాయి.

ఆ అమ్మాయి లైన్ మార్చి మళ్లీ రన్ చేసింది. ఐడీలు వేర్వేరుగా వచ్చాయి. సింహాచలం బస్సు ఖాళీగా ఉంది.