జంట ఆట ఒంటరి గొంతైన చోట మొదలైంది

ఆర్కిటిక్ ప్రాంత ఆదివాసులైన ఇనుయిట్‌ల త్రోట్ సింగింగ్‌ను, అంటే గొంతు, ఊపిరి శబ్దాలతో ఇద్దరు ఆడవాళ్లు కలిసి పాడే కటజ్జాక్‌ను, ఎవరు పాడొచ్చన్న గొడవ రాజుకున్నప్పుడల్లా 2019 నాటి కెనడా ఇండిజినస్ మ్యూజిక్ అవార్డుల ప్రస్తావన వస్తుంది. ఆ పద్ధతిని వాడిన, క్రీ అనే మరో ఆదివాసి జాతికి చెందిన ఒక గాయని ఆల్బమ్‌కు నామినేషన్ దక్కింది. ఇనుయిట్ గాయనులు తాన్యా టగాక్, కెల్లీ ఫ్రేజర్, పిక్‌సిక్ జంట అభ్యంతరం చెప్పి వేడుకకు దూరమయ్యారు. నిర్వాహకులు నామినేషన్‌ను వెనక్కి తీసుకోలేదు. క్రీలూ ఆదివాసులే కదా అనొచ్చు. కానీ ఇది ఆదివాసులందరి ఉమ్మడి ఆస్తి కాదు, ఇనుయిట్ ఆడవాళ్లు మిషనరీల నిషేధాన్ని తట్టుకుని నిలబెట్టుకున్న విద్య.

అసలు మలుపు 1990లలో వచ్చింది. కెనడా ఉత్తరాన నునావుట్‌లోని కేంబ్రిడ్జ్ బే అమ్మాయి టగాక్ దూరాన హాలిఫాక్స్ నగరంలో చదువుకుంటుండగా తల్లి ఈ పాటల క్యాసెట్లు పంపింది. ఎదుట జోడీ లేదు. ఒక్కతే సాధన చేసి, ఆ ఒంటరి గొంతుతోనే ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్ పక్కన పాడింది, 2014లో కెనడా ఉత్తమ ఆల్బమ్‌కిచ్చే పొలారిస్ బహుమతి గెలుచుకుంది.

అంతకుముందు కటజ్జాక్ ఇద్దరి ఆట. ఎదురెదురుగా నిలబడి, చేతులు పట్టుకుని, ఒకరు చిన్న ధ్వనిముక్క ఎత్తుకుంటే రెండో ఆమె కాస్త వెనకగా అందుకుని ఆ ఖాళీలు నింపుతుంది. లోపలికి పీల్చే ఊపిరికీ శబ్దం ఉంటుంది. ముందు నవ్వినవాళ్లు, ఊపిరి చాలనివాళ్లు ఓడినట్టు.

ఈ పాటను స్టూడియోలో ఎలక్ట్రానిక్ బీట్‌తో కలిపేటప్పుడు తేడా కొట్టేది ఇక్కడే. ఒక స్థాయి కంటే మెత్తని శబ్దాన్ని కోసేసే నాయిస్ గేట్‌లో ఆ స్థాయిని (థ్రెషోల్డ్) ఎక్కువగా పెడితే బయటికి వదిలే శబ్దం కంటే మెత్తగా ఉండే ఆ పీల్పు తెగిపోయి లయ సగమవుతుంది. క్వాంటైజ్ చేసి, అంటే ప్రతి శబ్దాన్నీ కచ్చితంగా బీట్ గీత మీద కూర్చోబెడితే, రెండో గొంతు వెనకబాటు మాయమై ఇద్దరూ ఒకరిలాగే వినిపిస్తారు. ఒట్టావా బృందం సిల్లా అండ్ రైజ్‌లో డీజే బీట్ మీద కూడా ఇద్దరు గాయనులు ఉన్నారు. ఈ కలయికకు సరైన దారి అదే.

ఒంటరి గొంతును లూప్‌గా, అంటే మళ్లీ మళ్లీ తిరిగే ముక్కగా, కోసుకోవడం తేలిక. కాపీరైట్ రికార్డింగుకు రక్షణ ఇస్తుంది గానీ, తరాల నుంచి వస్తున్న ధ్వనిముక్కకు ఇవ్వదు. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రం 2014లో ఈ గానాన్ని సాంస్కృతిక వారసత్వంగా గుర్తించినా, అనుమతి ఎవరిని అడగాలో ఆ గుర్తింపు తేల్చలేదు. సాంస్కృతిక చౌర్యం మీద అవార్డుల నిబంధనలు మారేదాకా పాడననీ, రాననీ 2019లో టగాక్ చెప్పింది అందుకే.